మీ ఊరి స్టేషన్‌లో డీజిల్ బండ్ల కాలాన్ని నమోదు చేయడం ఎలా

మన ప్రాంతంలో రైలు ప్రస్తావన తెస్తే పెద్దవాళ్లు ముందుగా బొగ్గు ఇంజను గురించే చెబుతారు. కంట్లో పడిన నలుసు, ఊరి పొలిమేర దాటక ముందే వినిపించే కూత, దొనకొండ లోకో షెడ్డులో పనిచేసిన కుటుంబాల కథలు మనకు బాగా తెలిసినవే. ఇప్పటి పిల్లలు కరెంటు ఇంజనును ఫోనులో వీడియో తీసి దాచుకుంటున్నారు. ఈ రెంటికీ నడుమ ఒక తరం మొత్తం డీజిల్ బండ్లలోనే గుంటూరుకూ నంద్యాలకూ తిరిగింది, పెళ్లిళ్లకు వెళ్లింది, చదువులకు వెళ్లింది. ఆ కాలం మాత్రం ఎవరికీ రాయదగినదిగా తోచలేదు. అప్పటి డ్రైవర్లకు, గార్డులకు, పాయింట్స్‌మన్లకు (స్టేషన్‌లో బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పనివారికి) ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి. కాబట్టి కురిచేడు నుంచి దిగువమెట్ట వరకు ఏ స్టేషన్ పక్కన పుట్టినవారైనా సరే, ఆ కాలాన్ని నమోదు చేయదలిస్తే పని ఈ వేసవిలోనే మొదలుపెట్టడం మంచిది. నేను కొన్నేళ్లుగా ఈ పని చేస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు కాలాన్నీ హద్దులనూ సరిచూసుకోవాలి

ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలియాలంటే మన లైను ఏ ఏడు ఎవరి చేతిలో ఉందో తెలియాలి. గుంటూరు, నంద్యాల మీదుగా గుంతకల్లు వెళ్లే దారిని సదరన్ మరాఠా రైల్వే పందొమ్మిదో శతాబ్దం చివర మీటర్‌గేజ్‌గా (పట్టాల మధ్య ఒక మీటరు దూరం) వేసింది. అది 1990లలో బ్రాడ్‌గేజ్‌గా (ఇప్పటి వెడల్పు పట్టాలు) మారింది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడినా, గుంతకల్లు డివిజను దక్షిణ రైల్వే నుంచి అందులోకి వచ్చింది 1977లో. గుంటూరు డివిజను 2003లో ఏర్పడింది. అందువల్ల ఒకే స్టేషన్‌కు చెందిన పాత కాగితాల మీద వేర్వేరు జోన్ల, వేర్వేరు డివిజన్ల పేర్లు కనిపించవచ్చు. పేరు వేరుగా ఉన్నంత మాత్రాన అది మన స్టేషన్ కాగితం కాదని పక్కన పెట్టవద్దు.

జిల్లాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ఇప్పటి పేరు పొందింది. అంతకు ముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970కి ముందున్న భూసేకరణ కాగితమో, గేటు గురించి ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీయో కావాలంటే ఒంగోలులో వెతికి లాభం లేదు. గూడూరు జంక్షన్ గురించి రాసేవారికి మరో మెలిక ఉంది. నెల్లూరు జిల్లాగా చెప్పుకున్న ఆ ఊరు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు మీదుగా వెళ్లే కోస్తా మెయిన్ లైనులో విద్యుత్తు 1980 ప్రాంతంలోనే వచ్చింది. బిట్రగుంటలోని పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డును గుర్తుచేసుకునేవారు అక్కడి డీజిల్ రోజులను ఒక్క వాక్యంలో దాటిపోవడానికి కారణం ఇదే. కంభం మీదుగా వెళ్లే లోపలి దారిలో అలా కాదు. అక్కడ మీటర్‌గేజ్ డీజిల్, ఆ తరువాత బ్రాడ్‌గేజ్ డీజిల్, రెండూ ఒకదాని వెనుక ఒకటి నడిచాయి. కరెంటు తీగ ఆ దారికి చాలా ఆలస్యంగా చేరింది. అందుకే డీజిల్ కాలాన్ని అడిగి తెలుసుకోవడానికి కంభం దారే సరైన చోటు.

పాత ఫోటోను చదవడం

మీకు మొదట దొరికే ఆధారం ఎవరింటి గోడకో వేలాడే ఫోటో. అందులో రైలు వెనుక ఎక్కడో సగం కనిపిస్తుంది, ముందు మనుషులు నిలబడి ఉంటారు. ఫోటో చేతికి రాగానే ఇంజను వైపు చూడకుండా బఫర్ల వైపు చూడండి. పెట్టెల మధ్యలో ఒకే బఫరు, దాని మీదే కొక్కెం ఉంటే అది మీటర్‌గేజ్ బండి. రెండు పక్కలా రెండు గుండ్రటి బఫర్లుంటే బ్రాడ్‌గేజ్ బండి. పట్టాలు కనిపిస్తే స్లీపర్ల పొడవు కూడా సాక్ష్యం చెబుతుంది. మీటర్‌గేజ్ చెక్క స్లీపరు సుమారు ఆరు అడుగులు, బ్రాడ్‌గేజ్ స్లీపరు తొమ్మిది అడుగులు. ఈ ఒక్క పరిశీలనతో ఫోటో గేజ్ మార్పిడికి ముందుదా, తరువాతదా అన్నది తేలిపోతుంది.

ఆ తరువాత ఇంజను. ఇంజను తరగతి పేరులో మొదటి అక్షరం గేజ్‌ను చెబుతుంది. వై అంటే మీటర్‌గేజ్, డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజ్. రెండో అక్షరం డి అంటే డీజిల్. మూడో అక్షరం ఎం అంటే పాసింజరుకూ గూడ్సుకూ రెంటికీ పనికొచ్చేది. మీటర్‌గేజ్ దారుల్లో ఎక్కువగా తిరిగిన డీజిల్ ఇంజను వైడీఎం-4. ఇది అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపకల్పన. మొదటివి 1960ల ఆరంభంలో దిగుమతి అయ్యాయి, 1968 నుంచి వారణాసి డీజిల్ కార్ఖానాలో తయారయ్యాయి. ఆరు సిలిండర్లు, సుమారు 1,400 హార్స్‌పవరు. బ్రాడ్‌గేజ్‌లో దీని అన్న డబ్ల్యుడీఎం-2. దానికి పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవరు. వారణాసిలో తయారైన మొదటి డబ్ల్యుడీఎం-2ను 1964 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి ప్రారంభించారు. ఫోటోలో అంకెలు కనిపిస్తే, వైడీఎం-4కు 6తో మొదలయ్యే నాలుగు అంకెలు ఉంటాయి. డబ్ల్యుడీఎం-2కు 16, 17, 18లతో మొదలయ్యే ఐదు అంకెలు ఉంటాయి. నంబరుతో పాటు షెడ్డు పేరు కూడా ఇంజను ఒంటి మీద రాసి ఉంటుంది. గుంతకల్లా, గుత్తా, కాజీపేటా, విజయవాడా అన్నది అద్దం పెట్టి చూడండి.

మా బంధువుల ఇంట్లో ఒక పెళ్లి ఫోటో ఉంది. ప్లాట్‌ఫారం మీద పెళ్లికొడుకు, తోడుపెళ్లికొడుకు, ట్రంకు పెట్టె మీద కూర్చున్న ఒక పెద్దామె, వెనుక ఇంజను. వాళ్లు ఆ పెళ్లి 1970కి ముందు జరిగిందని గట్టిగా చెబుతూ వచ్చారు. ఇంజను ఒంటి మీద 6 తరువాత రెండు అంకెలు స్పష్టంగా ఉన్నాయి, చివరి అంకె పెళ్లికొడుకు తలపాగా వెనుక దాగిపోయింది. జోన్ పేరు చెప్పే అక్షరాలు దక్షిణ మధ్య రైల్వేవి. ఆ ఇంజను గుంతకల్లు షెడ్డుది. గుంతకల్లు డివిజను ఆ జోన్‌లోకి వచ్చింది 1977 అక్టోబరులో కాబట్టి, ఫోటో 1970కి ముందుది కావడం దాదాపు అసాధ్యం. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ ఇంటివాళ్లు శుభలేఖ వెతికి తీశారు. పెళ్లి జరిగింది 1979లో. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పెద్దక్క పెళ్లి ఏడాదిని చిన్నక్క పెళ్లికి తగిలించుకున్నారు, అంతే. జ్ఞాపకానికి ఇంజను తోడు ఉండాలి, ఇంజనుకు శుభలేఖ తోడు ఉండాలి. ఏ తేదీకైనా కనీసం రెండు ఆధారాలు దొరికేదాకా ‘సుమారు’ అన్న మాటను తీసివేయవద్దు.

ఫోటోలో సిగ్నలు కనిపిస్తే దానిని వదలకండి. ఆ రోజుల్లో మన చిన్న స్టేషన్లలో ఉన్నవి రెక్క సిగ్నళ్లు. రెక్క అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే రమ్మని. చివర చేపతోకలా చీలిన రెక్క ముందున్న సిగ్నలు సంగతిని దూరం నుంచే హెచ్చరించేది. రెక్క ఏ స్థితిలో ఉందో చూస్తే ఫోటో తీసిన క్షణంలో బండి రావడానికి సిద్ధంగా ఉందా, వెళ్లిపోతోందా అన్నది ఊహించవచ్చు. వెనుక కొండలుంటే వాటి రేఖను కూడా గీసుకోండి. స్టేషన్ పేరు బోర్డు లేని ఫోటోలో గిద్దలూరునూ తర్లుపాడునూ వేరు చేసేది నల్లమల గీతే.

మనుషులను అడగడం

ఈ పనిలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే, అన్నిటికంటే సులభంగా పాడు చేసేదీ ఇదే. నేను మొదటిసారి ఒక రిటైరైన పాయింట్స్‌మన్ గారి దగ్గరకు వెళ్లి, ఫోనులో రికార్డింగు పెట్టి, “ఆ రోజులు ఎలా ఉండేవి బాబాయ్?” అని అడిగాను. “బాగుండేవి అబ్బాయ్” అన్నారు. పావుగంట కూర్చున్నా అంతకు మించి ఏమీ రాలేదు. తప్పు ఆయనది కాదు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు అంతే ఉంటుంది.

రెండోసారి వెళ్లేటప్పుడు పేము బెత్తాన్ని వంచి, తాడుతో కట్టి, టోకెన్ రింగు (ముందు దారి ఖాళీ అన్న గుర్తును తగిలించి డ్రైవరుకు అందించే చుట్టు) అంత చుట్టను తీసుకెళ్లాను. అది చేతిలో పెట్టగానే ఆయన మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. “ఇట్టా కాదబ్బాయ్, నిలువుగా పట్టుకుంటే వాళ్ల చెయ్యి దూరదు. కాస్త వాల్చి పట్టాల. మన మొహం బండికెదురుగా ఉండాల, కాళ్లు మటుకు వెనక్కి తగ్గడానికి సిద్ధంగా ఉండాల” అంటూ వరండా అంచును ప్లాట్‌ఫారం అంచుగా చేసుకుని చూపించారు. ఇంజనులోంచి అసిస్టెంటు పారేసిన పాత రింగు కోసం రాత్రిపూట బ్యాటరీ లైటు వేసుకుని కంప చెట్లలో వెతికిన సంగతి, అది దొరికేదాకా స్టేషన్ మాస్టరు గుమ్మంలోనే నిలబడి ఉన్న సంగతి, రింగు తగిలి మణికట్టు వాచిన సంగతి, అన్నీ అప్పుడు వచ్చాయి. కాబట్టి ఎవరి దగ్గరకు వెళ్లినా వారి చేతికి పరిచయమైన ఒక వస్తువును తీసుకెళ్లండి. గార్డు దగ్గరకు ఎర్ర, పచ్చ జెండాలు, గేట్‌మన్ దగ్గరకు కిరసనాయిలు లాంతరు, గ్యాంగ్‌మన్ దగ్గరకు స్పానరు పనికొస్తాయి.

ఆయన చెప్పినది అర్థం కావాలంటే టోకెన్ పద్ధతి మీకు ముందే తెలిసి ఉండాలి. సింగిల్ లైనులో ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా చూసేది ఈ పద్ధతే. రెండు పక్క స్టేషన్లలో విద్యుత్ తీగతో జతపడిన రెండు యంత్రాలుంటాయి. వాటిలో ఇనుప బంతులుంటాయి, ఒక్కో బంతి మీద ఆ రెండు స్టేషన్ల గుర్తు చెక్కి ఉంటుంది. అవతలి మాస్టరు గంట కొట్టి ‘లైన్ క్లియర్’ ఇస్తేనే ఇవతలి యంత్రం బంతిని వదులుతుంది. ఒక బంతి బయటికి వచ్చాక, దానిని ఇటో అటో మళ్లీ యంత్రంలో వేసేదాకా రెండో బంతి రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, రింగుకు తగిలించి డ్రైవరుకు అందిస్తారు. అది చేతిలో లేకుండా డ్రైవరు బండిని కదపడు. ఈ సంగతి తెలిసి వెళ్తే, “యంత్రం మొరాయించిన రోజు ఏం చేసేవారు?” అని మీరు అడగగలరు. దానికి వచ్చే జవాబు తప్పకుండా ఒక కథ అయి ఉంటుంది. కాగితం మీద రాసిచ్చే లైన్ క్లియర్ టికెట్టు, దాని కోసం ఆగిన బండి, ఆగిన బండిలోని జనం అందులోకి వస్తారు.

డీజిల్ రాకతో స్టేషన్‌లో ఏం తగ్గిందో ప్రత్యేకంగా అడగాలి. బొగ్గు ఇంజనుకు దారిలో నీళ్లు పట్టాలి, నిప్పుగుండం శుభ్రం చేయాలి, చివరి స్టేషన్‌లో టర్న్‌టేబుల్ మీద తిప్పాలి. డ్రైవరుతో పాటు బొగ్గు వేసేవారు కూడా ఉండాలి. డీజిల్ ఇంజనుకు డ్రైవరు, అసిస్టెంటు చాలు. ఎటు మొహం ఉన్నా నడుస్తుంది. వెనక్కి తిరగాలంటే బండిని విడదీసి, లూపు లైను మీదుగా ఇంజను అటు చివరకు వచ్చి తగులుకుంటే సరిపోతుంది. పొడుగు ముక్కు (యంత్రం ఉన్న పొడవైన భాగం) ముందుకు పెట్టి నడపవలసి వచ్చినప్పుడు సిగ్నలు కనిపించడం ఎంత కష్టమో డ్రైవర్లను అడగండి. ఇంజను నీళ్ల కోసం ఆగడం మానేసిన రోజు నుంచి ఆ ఆగే సమయం మీద బతికిన టీ అంగడివాడు, వేరుశనగకాయలమ్మిన ఆమె ఏమయ్యారో కూడా అడగండి. ఇది రైల్వే కాగితాల్లో ఎక్కడా ఉండదు, పాత అంగడివాడి కొడుకు మాత్రమే చెప్పగలడు. మార్కాపురం వారినైతే పలకల గురించి అడగాలి. దేశమంతటా బడిపిల్లల చేతికి చేరిన ఆ రాతి పలకలు పగలకుండా వ్యాగనులో ఎలా పేర్చేవారు, అడుగున గడ్డి వేసేవారా, ఒక వ్యాగను నింపడానికి ఎంతమంది పట్టేవారు అన్నవి అడగదగిన ప్రశ్నలు.

చప్పుడును రాసుకోవడం

చాలామంది ఈ భాగాన్ని వదిలేస్తారు, నాకు మాత్రం ఇది ముఖ్యం. ఆ ఇంజన్లలో డ్రైవరు చేతి కింద ఇంజను బలాన్ని పెంచే ఎనిమిది మెట్లు, అంటే నాచ్‌లు ఉండేవి. మొదటి నాచ్‌లో ఒక లయ, ఎనిమిదో నాచ్‌లో ఇంకో లయ. ఆరు సిలిండర్ల వైడీఎం-4 నిలబడి ఉన్నప్పుడు ఒక్కొక్క దెబ్బ విడివిడిగా వినబడుతుంది. పదహారు సిలిండర్ల డబ్ల్యుడీఎం-2 చప్పుడు దగ్గర దగ్గరగా, నేలను అదిరించేలా వస్తుంది. డ్రైవరు ఒక్కసారిగా నాచ్ పెంచితే నల్లటి పొగ ఎగజిమ్మేది. ఇంధనం వెంటనే పెరుగుతుంది కానీ గాలిని నెట్టే టర్బో వేగం అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపు సరిగా కాలని డీజిల్ పొగగా బయటికి వస్తుంది. ఊరి పెద్దలు ఆ చప్పుడును నోటితో అనుకరిస్తారు. సిగ్గుపడకుండా అనుకరించమని అడిగి రికార్డు చేయండి. దిగువమెట్ట నుంచి బొగద సొరంగం వైపు చడావు ఎక్కే గూడ్సు చప్పుడును, కంభం దగ్గర చదును నేల మీద పరుగెత్తే పాసింజరు చప్పుడును విడివిడిగా అనుకరించగలవారు ఇంకా ఉన్నారు.

వస్తువులు, స్థలాలు

అట్ట టికెట్లు దొరికితే రెండు వైపులా స్కాన్ చేయండి. తేదీ మిషను కొట్టిన గుంట అట్ట మీద అంచు దగ్గర కనిపిస్తుంది, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుంటే చదవవచ్చు. మూడో తరగతిని 1974లో ఎత్తివేశారు కాబట్టి, మూడో తరగతి టికెట్టు అంతకు ముందుదే. బ్రాడ్‌గేజ్ పెట్టె మీది నంబరులో మొదటి రెండు అంకెలు సాధారణంగా అది తయారైన ఏడును చెబుతాయి. దానితో ఫోటో ఏ ఏటికి ముందుది కాదో తెలుస్తుంది. టోకెన్ బంతి, పాత లాంతరు, సిగ్నలు రెక్క వంటివి ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు. అవి రైల్వే ఆస్తి. ఫోటో తీసుకుని, కొలతలు రాసుకుంటే మన పనికి చాలు.

స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ముందుగా స్టేషన్ మాస్టరును కలిసి, వచ్చిన పని చెప్పి, అనుమతి తీసుకోవాలి. పట్టాల మీద నడవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం, పైగా ప్రాణాపాయం. మీటర్‌గేజ్ ఆనవాళ్లు చాలావరకు పట్టాలకు దూరంగానే దొరుకుతాయి. నీళ్ల ట్యాంకు దిమ్మెలు, పాత క్వార్టర్ల పునాదులు, గేజ్ మారినప్పుడు దారి మళ్లించిన చోట్ల మిగిలిన కట్టలు అటువంటివి. నల్లమలలో చెలమ, గాజులపల్లె వైపు వెళ్లగలిగితే, గేజ్ మార్పిడి తరువాత విడిచిపెట్టిన దొరబావి వంతెన స్తంభాలను చూడవచ్చు. అది అడవి ప్రాంతం, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లవద్దు.

రాసి, దాచడం

సేకరించినదంతా ‘ఒక రోజు’ రూపంలో పేర్చండి. ఒక ఏడును ఎంచుకోండి, ఆ ఏటి టైమ్ టేబుల్ సంపాదించండి. తెల్లవారుజాము మొదటి పాసింజరు నుంచి రాత్రి చివరి గూడ్సు దాకా, ఏ బండి ఏ లైనులోకి వచ్చింది, ఏ బండి కోసం ఏది ఆగింది, ఆ సమయంలో ఎవరు ఏం చేస్తున్నారు అన్నది గంటల వారీగా రాయండి. గళ్ల కాగితం మీద అడ్డంగా సమయం, నిలువుగా స్టేషన్లు వేసి ఒక్కో బండికి ఒక్కో గీత గీస్తే, రెండు గీతలు కలిసిన చోటే క్రాసింగ్. ఆ గీతలు మా స్టేషన్ దగ్గర కలిసిన రోజునే, మధ్యాహ్నం పూట ఊరి బడి గంట కంటే ముందు రెండు ఇంజన్లు ఎందుకు కలిసి కూసేవో నాకు తెలిసింది.

ఎవరు చెప్పిన మాటో, ఏ తేదీన చెప్పారో ప్రతి పేరాకూ పక్కన రాయండి. పేరు వేయవద్దని వారు కోరితే ఉద్యోగం పేరు మాత్రమే రాయండి. ఫోటోలను కనీసం 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెనుక బాల్‌పెన్నుతో రాయకండి, మెత్తటి పెన్సిలు వాడండి. మా నాన్నగారి ఫోటో వెనుక నేను చిన్నప్పుడు బాల్‌పెన్నుతో రాసిన ఏడు ఇప్పుడు ఆయన నుదుటి మీద తిరగబడి కనిపిస్తోంది. అధికారిక కాగితాల కోసం పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. ఏ ఏటి, ఏ స్టేషన్ రిజిస్టరు కావాలో స్పష్టంగా అడగాలి. పూర్తయిన రాతప్రతిని ఒకటి ఊరి గ్రంథాలయానికి, ఒకటి స్టేషన్‌కు, ఒకటి మీతో మాట్లాడిన ప్రతి ఇంటికీ ఇవ్వండి. పెద్దక్షరాలలో అచ్చు వేయించండి, ఎందుకంటే ముందుగా చదవబోయేవారు ఆ పాయింట్స్‌మన్లూ గార్డులే. వాళ్లు చదివి, “ఇది ఇట్టా జరగలేదు” అని వేలు పెట్టి చూపిన చోటల్లా రెండో ప్రతిలో దిద్దండి.